తేలుకొండికి నాలుగు వేళ్ళ దూరం

కర్నూలు కొత్తగా రాజధాని అయిన మరుసటి వేసవిలో నేను ఎమ్మిగనూరులో ఒక బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఉద్యోగం వచ్చి ఏడాది కావస్తున్నా ఊళ్ళో ఇల్లు దొరకలేదు. అద్దెకు అడిగిన ప్రతిచోటా మొదట పేరు అడిగేవారు, తరువాత ఊరు, ఆ తరువాత ఆ ఊళ్ళో మీ ఇల్లు ఏ వైపు అని అడిగేవారు. ఆస్పరి దగ్గర పల్లె, ఊరి బయట చర్చి పక్కన అని చెప్పగానే, "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకు మాటిచ్చినాం సారూ" అనేవారు. ఎవరూ మొరటుగా మాట్లాడలేదు. తలుపు కూడా నెమ్మదిగానే వేసేవారు. చివరికి హెడ్మాస్టరు, పటాలూ గోళాలూ దాచే గదికి పక్కనున్న చిన్న గది చూపించి, "ఇల్లు దొరికేదాకా ఇందులో ఉండండి" అన్నారు. ఇల్లు దొరకలేదు కాబట్టి అందులోనే ఉండిపోయాను.

బడి నడుస్తున్నంత కాలం పగలు ఎలాగో గడిచిపోయేది. వేసవి సెలవులివ్వగానే తోటి టీచర్లు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు ఊరుంది కాని అందులో ఇల్లు లేదు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ అంతకు ముందు చలికాలంలో పోయింది. ఆమె ఉన్న గుడిసెలో చిన్నాన్న మేకలు కట్టేస్తున్నాడని ఉత్తరం వచ్చింది. అక్క చిప్పగిరిలో ఉండేది. వాళ్ళది ఒకటే గది, ఏడుగురు మనుషులు. నేను పోతే కాదనదు కాని, రాత్రి ఎవరో ఒకరు వీధిలో పడుకోవాలి. నేను పోలేదు.

రోజుకు నేను మాట్లాడేవి రెండే మాటలు. పొద్దున హోటల్లో "ఒక టీ", సాయంత్రం అంగడిలో "పావుసేరు శనగపప్పు". మధ్యాహ్నం వరండాలో వేడిగాలికి పటాల గది తలుపు కొట్టుకుంటుంటే ఎవరో వచ్చారనుకుని రెండు మూడుసార్లు లేచి చూసేవాణ్ణి.

ఆ బడిలో నేను కాక మిగిలిన మనిషి రాత్రి కాపలాదారు. యాభై దాటినవాడు, పొడుగు మనిషి, భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, ఆదోనిలో ఉండేది. ఆయన వయసులో ఉన్నప్పుడు ఎమ్మిగనూరు నుంచి ఆదోని పత్తి మిల్లులకు ఎద్దుల బండి తోలేవాడు. నడుము నొప్పి వచ్చి మానేశానని చెప్పేవాడు. పొద్దు గూకకముందే లాంతరు వెలిగించి వరండా మెట్టు మీద పెట్టుకుని కూర్చునేవాడు. గంటకొకసారి కర్ర నేలకు తాటించి "ఓయ్, ఎవరప్పా ఆడ?" అని వేపచెట్ల వైపు ఒక కేక వేసేవాడు. ఆ కేక వింటే నాకు ధైర్యంగా ఉండేది. ఆయన కడవ వేరు, నా కడవ వేరు. ఒకసారి నా కడవ పగిలిపోయి నీళ్ళడిగితే, చెంబు ఎత్తి పైనుంచి నా దోసిట్లో పోశాడు. నేను తాగాను. దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ సెలవుల్లో ఒక పాత మద్రాసు పత్రికలో నాలుగు పేజీల వ్యాసం నా చేతికి చిక్కింది. రాత్రిళ్ళు ఆకాశంలో తెల్లగా కనబడే పాలపుంత నిజానికి ఒక పెద్ద చక్రమట. మన సూర్యుడు అందులో ఒక మూల ఉన్న చిన్న నక్షత్రమట. ఆ చక్రానికి నడిమధ్య ఒక చోటు ఉంది, సూర్యుడూ భూమీ మనమూ అందరం దాని చుట్టూ తిరుగుతున్నాం, ఆ చోటు ధనూరాశిలో, విలుకాడి బాణం మొనకు దగ్గరగా ఉంది అని రాశారు. అక్కడి నుంచి ఒక రకమైన గరగర శబ్దం రేడియో యంత్రాలకు అందుతోందని కూడా రాశారు. వ్యాసం నాలుగైదుసార్లు చదివాను. ఆ మధ్య చోటు ఎక్కడుందో నా కళ్ళతో చూడాలనిపించింది. ఎందుకంటే చెప్పలేను. చేయడానికి నాకు ఇంకో పని లేకపోవడం ఒక కారణం.

పటాల గదిలో చెదలు కొరికిన ఒక నక్షత్ర పటం ఉంది. దాన్ని తెచ్చి, రాత్రి భోజనం కాగానే బడి ముందు మైదానంలో మంచం వేసుకుని దక్షిణం వైపు చూశాను. కింద దగ్గర దగ్గరగా రెండు పెద్ద నక్షత్రాలు కనబడ్డాయి. ఇవే విలుకాడివి అనుకున్నాను. పటంతో పోల్చి చూస్తే ఏదీ కుదరలేదు. మూడు రాత్రులు అదే పని. మూడో రాత్రి వరండా మెట్టు మీది నుంచి కాపలాదారు అడిగాడు.

"ఏమి ఎతుకుతాండావు సారూ, మూడు దినాల నుంచి కాగితం చప్పుడు ఇనబడతాంది?"

చెప్పాను. విలుకాడు ఆయనకు తెలియదు. పటంలో పక్కనే తేలు బొమ్మ ఉందని, బాణం మొన ఆ తేలు తోక దగ్గరకు వస్తుందని చెప్పగానే నవ్వాడు.

"తేలా? తేలును అడుగు, సెప్తా. ఇరవై ఏండ్లు దాన్ని ఎడమ భుజాన పెట్టుకోని ఆదోనికి బండి తోలినా. ఇప్పుడు యాడుంటాది? ఇంగా పూరా లేసిండదు. నువ్వు ముందే సూసి ముందే పండుకుంటాండావు. ఇంగ రెండు గంటలు తాళు. ఆ యేపమాను పక్కన ఎర్రసుక్క ఒగటి పైకొస్తాది. అది దాని రొమ్ము. తోక దాని ఎనకాల వస్తాది."

తాళాను. వేపచెట్టు కొమ్మల పక్కన ఎర్రగా ఒక నక్షత్రం పైకొచ్చి ఉంది. దానికి అటూ ఇటూ మరో రెండు. ఇన్నేళ్ళూ తల మీద ఉన్నా దాన్ని చూడని నాకు, ఒక మనిషి ముఖం గుర్తుపట్టినట్టు అనిపించింది. తోక మాత్రం చెట్టు చాటున ఉండిపోయింది.

అప్పటి నుంచి రోజూ రాత్రి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మెట్టు మీద, నేను మంచం మీద. "ఎర్రసుక్క కొమ్మ దాటిందా?" "దాటింది." "ఎంత, జానెడా?" "జానెడు." "అయితే పది దాటిందిలే." నా గడియారంలో పది దాటి ఉండేది. ఆయన ఎప్పుడూ నన్ను అడిగి చెప్పేవాడే కాని, వేలు చాపి ఇదిగో అని చూపించింది లేదు. అది నేను గమనించలేదు.

ఒక సాయంత్రం పెద్ద గాలి లేచింది. దుమ్ముతో పాటు నల్లటి మబ్బు వచ్చి ఆకాశమంతా మూసేసింది. వాన పడలేదు. గాలి కూడా ఆగిపోయి ఉక్కగా ఉంది. ఆయన మెట్టు మీద కూర్చుని, ముఖం పైకెత్తి, తీరిగ్గా అన్నాడు:

"ఈ పొద్దు సుక్కలు బలే ఉండాయి గదా సారూ. మంచి చీకటి. నీ తేలు బాగా కనబడతాది."

పైకి చూశాను. ఒక్క నక్షత్రం లేదు.

ఏమనాలో తెలియక ఊరుకున్నాను. నేను ఊరుకోవడంతోనే ఆయనకు తెలిసిపోయింది. కర్రను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"మబ్బు పట్టిందా సారూ?"

"పట్టిందన్నా."

"ఎప్పటి నుంచి?"

"పొద్దు గూకినప్పటి నుంచి."

ఆయన లాంతరు వైపు తిరిగి చెప్పాడు. "ఆరేండ్లాయ సారూ. పగలు అంతా బాగనే ఉంటాది. పొద్దు గూకితే దీపమొక్కటే కనబడతాది, దాని సుట్టూ ఏమీ ఉండదు. బండి దానికే ఇడిసినా. నడుము నొప్పి అని అందరికీ సెప్పినా. కన్ను పోయిందంటే ఎవరిస్తారప్పా పని?" నా వైపు తిరిగి, "పెద్ద సారుకు సెప్తావా?" అన్నాడు.

"చెప్పను."

మెట్టు నుంచి నీళ్ళ కడవ దాకా కట్టిన తాడు నాకప్పుడు గుర్తొచ్చింది. బట్టలారేయడానికని అనుకునేవాణ్ణి. ఆ కేక నమ్ముకుని ఏడాదిపాటు తలుపు తీసి పెట్టుకుని నిద్రపోయాను. కోపం రాలేదు. ఈ సంగతి తెలిసినవాణ్ణి ఊరంతటిలో నేనొక్కణ్ణే అని తోచినప్పుడు, నిజం చెప్పాలంటే, కొంచెం సంతోషం కూడా వేసింది. నాకంటూ ఒకరు ఏదైనా చెప్పి చాలా రోజులయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని నేను సైన్సు మాస్టరును. రేచీకటి గురించి ఆ ఏడాదే పిల్లలకు పాఠం చెప్పాను. ఆహారంలో ఒక విటమిను తక్కువైతే వస్తుంది, చేపనూనె, ఆకుకూరలు, క్యారెట్టు తింటే పోతుంది అని బోర్డు మీద రాశాను. మరునాటి నుంచి ఆయన వెంట పడ్డాను. ఆదోని ఆసుపత్రికి పోదాం, ఒక సీసా నూనెతో కళ్ళు వస్తాయి అన్నాను.

"నాకొద్దు సారూ. ఈ పాటికి అలవాటైపాయ."

"అన్నా, నువ్వు మళ్ళీ తేలును చూడొచ్చు."

ఆ మాట అనకుండా ఉండవలసింది. మూడో రోజు పొద్దున ఆయన నా గది దగ్గరకొచ్చి, "మా తమ్ముని కొడుకు రేపు రాత్రి పత్తి మూటలు యేసుకోని ఆదోనికి పోతాండాడు. బస్సులో పోతే నాకి కడుపులో తిప్పుతాది. బండి మీద పోదాం" అన్నాడు. ఆ రాత్రికి బడి కాపలాకు ఎవరినో మాట్లాడి పెట్టాడు.

చీకటి పడ్డాక బయల్దేరాం. మూడు బండ్లు. మొదటి బండి ఆయన తమ్ముడి కొడుకు తోలుతున్నాడు. ఆ బండిలోనే పత్తి మూటల మీద మేమిద్దరం వెల్లకిలా పడుకున్నాం. అమావాస్య రోజులు. ఊరి దీపాలు వెనకబడగానే రోడ్డు కనబడడం మానేసింది. చక్రాల చప్పుడు, ఎద్దుల మెడ గంటలు, వెనక బండివాడి దగ్గు.

"ఇప్పుడు ఎడమ భుజం ఎనక్కి సూడు" అన్నాడు. "లేస్తాండాదా?"

చూశాను. ఇక్కడ చెట్లు లేవు. నల్లరేగడి చేలు ఆకాశం దాకా చదునుగా పరుచుకుని ఉన్నాయి. ఎర్రచుక్క, దాని వెంట పూసలు గుచ్చినట్టు వరసగా నక్షత్రాలు. ఆ వరస కిందికి దిగి, మళ్ళీ వంకర తిరిగి పైకి లేస్తోంది.

"తోక కనబడతాంది. వంపు కూడా."

"కొండి? ఆ వంపు చివర రెండు సుక్కలు పక్కపక్కనే ఉంటాయి, ఒగటి పెద్దది, ఒగటి చిన్నది."

"ఇంకా మసకగా ఉంది."

"తొందర ల్యా. వాగు దాటే యాలకి బాగా పైకొస్తాది. బయల్దేరేటప్పుడు అది ఎడమ భుజం ఎనకాల ఉంటాది. నడిరేయికి సరింగా ఎడమ చేతి పక్కకొస్తాది. ఆదోని దగ్గర పడే యాలకి ఎద్దుల కొమ్ముల మీదికొస్తాది. అది ముందరికొస్తే ఎద్దులకు గూడా తెలుస్తాది సారూ, నడక మారుస్తాయి."

దారి పొడుగునా అలాగే నన్ను అడుగుతూ, మేము ఎక్కడున్నామో ఆయన చెబుతూ వచ్చాడు. తేలు ఎంత ఎత్తుకు వచ్చిందో నేను చెబితే, "ఇప్పుడు కల్వర్టు వస్తాది" అనేవాడు. కాసేపటికి చక్రాల కింద చప్పుడు మారేది. బండి తోలుతున్నవాడు వెనక్కి తిరిగి, "పెదనాయనా, నువ్వే తోలరాదా" అని నవ్వాడు. ఆయన నవ్వలేదు.

వాగు దాటాక కొండి స్పష్టంగా కనబడింది. రెండు నక్షత్రాలు, ఆయన చెప్పినట్టే, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పటంలో కొలిచింది గుర్తు తెచ్చుకుని చేయి చాపి, కొండి దగ్గర నాలుగు వేళ్ళు ఆనించాను. అక్కడి నుంచి ఎడమగా, ఏటవాలుగా పైకి నాలుగు వేళ్ళు. మరో రెండు వేళ్ళ అవతల విలుకాడి బాణం మొన, ఇటువైపే గురి పెట్టి ఉంది. మధ్యలో పాలపుంత ఎక్కడా లేనంత వెడల్పుగా, చిక్కగా ఉంది. ఆ తెలుపుకు నడుమ పొడుగ్గా ఒక నల్లటి చీలిక. నేను వెతికిన చోటు సరిగ్గా ఆ చీలిక అంచున పడింది. అక్కడ ఒక నక్షత్రం కూడా ప్రత్యేకంగా లేదు.

"దొరికిందన్నా" అన్నాను.

"ఏముండాది ఆడ?"

"ఏమీ కనబడదు. కాని అదే నడిమధ్య. మనమంతా దాని చుట్టూ తిరుగుతున్నాం."

"గానుగ మాదిరా?"

"గానుగ మాదిరే. ఒక చుట్టు తిరగడానికి కోట్ల ఏళ్ళు పడుతుందట."

"మరి నడుమ రోలుండల్ల గదా. ఎందుకు కనబడదు?"

"దుమ్ము అడ్డం ఉందట. చాలా దట్టంగా."

ఆయన పెద్దగా నవ్వాడు. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. "ఆడ గూడా మన ఆదోని రోడ్డేనా సారూ! ముందర బండి తోలినోడు బతికిపోయినాడు. ఎనక బండోనికి ఎప్పుడూ దుమ్మే." వెనక బండివాడు మళ్ళీ దగ్గాడు. బండి తోలేవాడితో కలిసి ముగ్గురం నవ్వుకున్నాం. ఆయన కాళ్ళ దగ్గర తడిమి, నీళ్ళ కూజా తీసి, ఎత్తి పోసుకుని తాగి, "తాగు" అని కూజానే నా చేతిలో పెట్టాడు. అది మామూలు విషయమన్నట్టు తాగి తిరిగి ఇచ్చాను.

తరువాత నేను ఆ చోటునే చూస్తూ పడుకున్నాను. గొప్పగా ఏదో అనిపిస్తుందని అనుకున్నాను కాని, అమ్మ గుర్తొచ్చింది. నేను ఏం చదువుతున్నానో తెలియకపోయినా, రాత్రి చదివి పడుకునేముందు "ఏం తెలుసుకున్నావు నాయనా ఈ పొద్దు?" అని అడిగేది. ఈ రాత్రి చెప్పడానికి ఒక మంచి సంగతి ఉంది. అడిగే మనిషి లేదు. పక్కనున్నాయన నిద్రపోయాడనుకుని మెల్లగా కళ్ళు తుడుచుకున్నాను. "చల్లగాలికి కండ్లు నీళ్ళు కారతాయి సారూ, తువ్వాల కప్పుకో" అన్నాడు. ఎలా తెలిసిందో.

తెల్లవారుతుండగా ఆదోని కొండ నల్లగా కనబడింది. తేలు ఎద్దుల కొమ్ముల మీద వాలుతోంది.

ఆసుపత్రిలో డాక్టరు వయసు మళ్ళినవాడు, ఓపికస్తుడు. చీకటి గదిలో కూర్చోబెట్టి, చిన్న అద్దంలాంటి పరికరంతో ఆయన కళ్ళలోకి చాలాసేపు చూశాడు. "మీ నాయనకు ఉన్నిందా?" అని అడిగాడు. ఉన్నిందట. వాళ్ళ నాయన నడివయసుకే ఇంట్లోంచి కదలడం మానేశాడట. డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఇంగ్లీషులో చెప్పాడు. ఇది నూనెతో పోయే రేచీకటి కాదు. వంశంలో వచ్చేది. పగటి చూపు కూడా అంచుల నుంచి తగ్గిపోతూ వచ్చింది, ఇంకా తగ్గుతుంది. మందు లేదు.

బయటికొచ్చి ఆయనకు తెలుగులో చెప్పాల్సింది నేనే. వేపచెట్టు కింద నిలబడి చెప్పాను. ఆయన విని, "నాకి తెల్సు సారూ" అన్నాడు. "మా నాయనది సూసినా గదా. నువ్వు నూనె నూనె అంటాంటే, ఏమో, సదువుకున్నోడు, తెలిసి సెప్తాండాడేమో అనుకొంటి."

కూతురి ఇంటికి దారి అడిగాను.

కూతురి ఇల్లు పత్తి మిల్లు వెనక సందులో. అల్లుడు ఆ మిల్లులోనే పని. ఆమె తండ్రిని చూసి సంతోషపడి, ఎందుకొచ్చామో తెలిశాక ఏడ్చింది. "ఆరేండ్లు నాకి సెప్పకుండా ఉంటివా నాయనా? ఇంగ నిన్ను ఆ బడికి పంపీను" అంది. అన్నం వేళకు ఆయనకు లోపల పీట వేసింది. నా ఊరూ, అందులో ఇల్లు ఏ వైపో అడిగి, నాకు బయట అరుగు మీద విస్తరాకు వేసింది. ఆమె తప్పు పట్టవలసిన పనేమీ చేయలేదు, నాకు అది కొత్తా కాదు. రెండు ముద్దలు తినేసరికి లోపలి నుంచి వినబడింది:

"సారు యాడ కూసున్నాడమ్మా?"

"అరుగు మీద కూసున్నాడు నాయనా. నువ్వు తిను."

పళ్ళెం చేతిలో పట్టుకుని, గోడ తడుముకుంటూ బయటికొచ్చి, నా పక్కన కూర్చున్నాడు. కూతురు గడపలో నిలబడి చూసింది. "ఉప్పు తక్కువైంది గదా" అన్నాడు నాతో. "అవును" అన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

బస్సు వేళకు మొలతాడుకున్న బడి తాళాల గుత్తి విప్పి నా చేతిలో పెట్టాడు. "పెద్ద సారుకు ఇయ్యి. నడుము నొప్పి ఎక్కువైందని సెప్పు."

అలాగే చెప్పాను. హెడ్మాస్టరు నమ్మారు. నేను ఆయనకు చెప్పిన ఒకే ఒక అబద్ధం అదే.

కొత్త కాపలాదారు వయసువాడు. చూపు బాగానే ఉండేది. తొమ్మిదింటికే పడుకునేవాడు, కేకలు వేసేవాడు కాదు. నేను మైదానంలో మంచం వేసుకుని ఆ చోటు చూస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు వెతకనక్కర్లేదు, తలెత్తితే దొరికేది. ఎవరూ ఏమీ అడగరు కాబట్టి తొందరగా చూసి తొందరగా పడుకునేవాణ్ణి. జూన్‌లో బడి తెరిచారు. అందరూ తిరిగొచ్చారు. సెలవులు ఎలా గడిచాయని ఒకరిద్దరు అడిగారు. బాగానే గడిచాయన్నాను.

ఆ ఏడాదిలో రెండుసార్లు ఆదోని పోయి ఆయన్ను చూశాను. మొదటిసారి మిల్లు గేటు దగ్గర బీడీ తాగుతూ కూర్చుని, నా అడుగు చప్పుడుకే "సారూ" అన్నాడు. రెండోసారి మిల్లు మోతలో నేను ఎదురుగా నిలబడి మాట్లాడేదాకా తెలియలేదు. పట్టపగలు అది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పెళ్ళి చేసుకోమన్నాడు. "ఒగనివే ఉండగాకు సారూ. ఒగడే ఉంటే మనిషి ఊరికే అన్నీ సరిచేద్దామని సూస్తాడు." నన్ను తప్పుపట్టి అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

మూడోసారి పోయేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. అల్లుడికి ఇంకో ఊళ్ళో పని దొరికి అందరూ వెళ్ళిపోయారట. గుంతకల్లు అని ఒకరన్నారు, రాయచూరు అని ఒకరన్నారు. ముసలాయన కూడా పోయాడా అంటే, చేయి పట్టుకుని తీసుకుపోయారు అని చెప్పారు. మిల్లులో అడిగాను. అక్కడ ఎవరూ ఏమీ రాసుకోలేదు. సందులో ఒకామె చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, కూర్చోమంది. కూర్చోలేదు.

ఎమ్మిగనూరుకు చివరి బస్సు అప్పటికే పోయింది. తెల్లారేదాకా ఎక్కడుండాలో తెలియక రైల్వే స్టేషనుకు పోయి ఒక బల్ల దగ్గర ఆగాను. బల్ల మీదున్న పెద్దమనిషి జరిగి చోటిచ్చి, "బండి గంట లేటంట. మీరు యాడికి పోవాలప్పా?" అని అడిగాడు. ఆయన గుంతకల్లు పోతున్నాడట. ఆ గంటైనా మాట్లాడే మనిషి పక్కన ఉంటాడని, నేను కూడా అక్కడికే అని చెప్పాను. బండి వచ్చినప్పుడు ఆయన తన పెట్టె ఎక్కించి, కిటికీలోంచి నా కోసం అటూ ఇటూ చూశాడు. నేను స్తంభం చాటుకు జరిగి, బండి కదిలేదాకా అక్కడే నిలబడ్డాను.